మస్టరు చదివిన రోజు
‘ఊరి సభ’ ధారావాహిక – 9

గత వారం రాజస్థాన్‌లోని నాగౌర్ దగ్గర ఆగాం. 1959 అక్టోబర్ 2న నెహ్రూ అక్కడ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. ఆ వెనకే రెండో రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్ అదే బాట పట్టింది. సమితులు వచ్చాయి, సమితి ప్రెసిడెంట్లు వచ్చారు, వాళ్ళకి జీపులు వచ్చాయి. ఊరి పెద్ద మాత్రం ఊరి పెద్దగానే ఉన్నాడు. ఇదివరకు ఆయన మాటకు భయపడేవాళ్ళు. ఇప్పుడు మాటతోపాటు రబ్బరు స్టాంపు కూడా ఆయన చేతికొచ్చింది.

1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చి గ్రామసభకు రాజ్యాంగంలో చోటు కల్పించింది. చోటైతే ఇచ్చింది గానీ, ఆ సభకు ఏ అధికారాలుండాలో రాష్ట్ర శాసనసభలే తేల్చుకోవాలని 243ఎ అధికరణంలో ఒక్క వాక్యంతో వదిలేసింది. వాళ్ళు ఎలా తేల్చారో పల్లెల్లో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పంచాయతీ ఆఫీసు ముందు నాలుగు కుర్చీలు, పదిమంది జనం, ఒక తీర్మానాల పుస్తకం. సభ అయ్యాక ఆ పుస్తకం ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేసుకుని వచ్చేది.

ఈ వారం కథ కూడా రాజస్థాన్‌లోనే మొదలవుతుంది. కాకపోతే దీనికి ప్రధానమంత్రి రాలేదు, జ్యోతి వెలిగించలేదు. అది మెల్లగా నడుచుకుంటూ వచ్చి చివరికి మన అనంతపురం జిల్లాకు చేరింది.

1987లో ముగ్గురు మనుషులు రాజస్థాన్‌లోని దేవ్‌డుంగ్రి అనే చిన్న పల్లెలో ఒక మట్టింట్లో కాపురం పెట్టారు. అరుణా రాయ్ మద్రాసులో పుట్టిన మనిషి, ఐఏఎస్ ఉద్యోగం వదిలేసి స్వచ్ఛంద సేవలోకి వచ్చింది. నిఖిల్ డే అమెరికా చదువు మధ్యలో ఆపి వచ్చాడు. శంకర్ సింగ్ ఆ చుట్టుపక్కలవాడే. రకరకాల పనులు చేసి, ఆ పనులన్నిటినీ పాటలుగా, తోలుబొమ్మల మాటలుగా మార్చగలిగిన హాస్యగాడు. చరిత్ర రాసేవాళ్ళు మొదటి ఇద్దరి గురించి పేజీలు రాసి మూడో ఆయనకు ఒక పేరా ఇస్తారు. నా లెక్కలో ఆయన లేకపోతే మిగతా కథ లేదు. లెక్కల పుస్తకం చూసి జనాన్ని నవ్వించగలగడం చిన్న విద్య కాదు.

అది ఆరావళి కొండల మెట్ట ప్రాంతం. ఆ ఏడు రాజస్థాన్‌కు ఘోరమైన కరువు. మగవాళ్ళు గుజరాత్ పట్నాలకు వలసపోతే, ఆడవాళ్ళు ప్రభుత్వం పెట్టిన కరువు పనుల్లో మట్టి మోసేవాళ్ళు. అప్పటి కనీస కూలి రోజుకు 11 రూపాయలు. చేతికొచ్చేది అంతకన్నా తక్కువ. ఇదేమిటని అడిగితే మేస్త్రీ దగ్గర తయారుగా ఉన్న జవాబు ఒకటే: మీరు పని తక్కువ చేశారు, కాగితంలో అలా ఉంది. ఆ కాగితం చూపమంటే, కుదరదు, అది ప్రభుత్వ రహస్యం.

ఆ రహస్యానికి ఆధారం 1923 నాటి అధికార రహస్యాల చట్టం. గూఢచారుల భయంతో బ్రిటిషువాళ్ళు చేసుకున్న చట్టాన్ని, స్వతంత్రం వచ్చి నలభై ఏళ్ళయ్యాక, చెరువులో ఎన్ని తట్టల మట్టి తీశారో దాచడానికి వాడుకున్నారన్న మాట. ఆ కాగితం పేరు మస్టరు రోలు. ఎవరు పనికొచ్చారు, ఎన్ని రోజులు వచ్చారు, ఎంత తీసుకున్నారు, చివర సంతకమో వేలిముద్రో. కూలీల బతుకంతా ఆ గళ్ళల్లో ఉంది. కూలీలు తప్ప అందరూ దాన్ని చూడొచ్చు.

1990 మే 1న భీమ్ పట్టణంలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పుట్టింది. కనీస కూలి కోసం అక్కడే నిరాహార దీక్షలు చేశారు. కొంత సాధించారు, ఎక్కువ సాధించలేకపోయారు. మామూలు సంఘమైతే ఇంకో దీక్షకు సిద్ధమయ్యేది. వీళ్ళు కాగితం మీద పడ్డారు. కూలి ఎగ్గొట్టేది మేస్త్రీ కాదు, కాగితం. పోట్లాట దానితోనే పెట్టుకోవాలి.

1994 చలికాలంలో ఆ అవకాశం వచ్చింది. పాలీ జిల్లా కోట్ కిరానా పంచాయతీ పనుల రికార్డులు, ఒక అధికారి సహకరించడంతో, సంఘం వాళ్ళ చేతికి అందాయి. ఆ మస్టర్లు పట్టుకుని వాళ్ళు కోర్టుకు వెళ్ళలేదు, పత్రికలకూ ఇవ్వలేదు. ఊళ్ళోకి తీసుకెళ్ళి ఇంటింటి ముందూ కూర్చుని చదివారు. నీ పేరు ఇక్కడుంది, ఇన్ని రోజులు పనికి వెళ్ళినట్టుంది, ఇంత తీసుకున్నట్టుంది, నిజమేనా? తరవాత డిసెంబర్ 2న ఊరి మధ్య ఒక టెంటు, ఒక మైకు, బయటినుంచి వచ్చిన కొందరు పెద్దలు మధ్యవర్తులుగా. జన్ సున్‌వాయీ, అంటే ప్రజా విచారణ, అనే పద్ధతి ఆ రోజు మొదలైంది.

మస్టరును పేరు పేరునా పైకి చదివారు. పనికే రానివాళ్ళ పేర్లు అందులో ఉన్నాయి. ఆ తరవాత రెండు నెలల్లో భీమ్, విజయ్‌పురా, జవాజా, మరుసటి ఏప్రిల్‌లో థానా. ఈ సభలన్నిటిలోనూ కొంచెం అటూ ఇటుగా ఇదే కథ. వలసపోయినవాళ్ళు, కన్నుమూసినవాళ్ళు కూలి తీసుకున్నారు. కాగితం మీద పూర్తయిన కట్టడాలు నేల మీద సగంలో ఉన్నాయి. బండి పోని చోటికి రాళ్ళు తోలినట్టు బిల్లులున్నాయి. జనం ముందు నవ్వారు. తరవాత కోపం వచ్చింది. ఆ తరవాత ఒక్కొక్కరూ లేచి మైకు దగ్గరికి వచ్చారు. ఘూంఘట్ ముసుగు తీయకుండా వచ్చిన ఆడవాళ్ళు కూడా ఉన్నారు.

సభకు సంఘం కొన్ని కట్టుబాట్లు పెట్టుకుంది. ఆరోపణ ఉన్న సర్పంచునూ అధికారినీ ముందే పిలవాలి. వాళ్ళు వస్తే కుర్చీ వేయాలి, జవాబు చెప్పుకోనివ్వాలి. తిట్టకూడదు. మాట తప్ప చెయ్యి లేవకూడదు. వినడానికి ఇదంతా మర్యాద కోసం అనిపిస్తుంది. మర్యాద కన్నా ఇందులో తెలివి ఎక్కువ. గొడవ జరిగితే కేసు సర్పంచు మీద నుంచి ఊరి మీదికి మళ్ళుతుంది. గొడవ లేకపోతే మస్టరు ఒక్కటే మిగులుతుంది.

ఇక్కడ కొంచెం ఆగాలి. ప్రభుత్వానికి ఆడిట్ లేక కాదు ఇంత దొంగతనం జరిగింది. ఆడిటర్లు ఏటా వచ్చారు, చూశారు, సంతకాలు పెట్టి వెళ్ళారు. వాళ్ళ పని ఒక కాగితాన్ని ఇంకో కాగితంతో సరిచూడటం. మస్టరులో వేలిముద్ర ఉంది, బిల్లుకు వోచరు ఉంది, రెండూ కలిశాయి, పని అయిపోయింది. ఊరు చేసేది వేరే తనిఖీ. అది కాగితాన్ని మనిషితో సరిచూస్తుంది. ఆ వేలిముద్ర ఎవరిదో, ఆ మనిషి ఆ నెల ఎక్కడున్నాడో జిల్లా ఆడిటర్‌కు ఎప్పటికీ తెలియదు. పక్కింటామెకు తెలుసు. చదువు రాదని ఇన్నాళ్ళూ పక్కన పెట్టినవాళ్ళకే ఆ లెక్క నిజమో అబద్ధమో చెప్పగల జ్ఞానం ఉందన్నది కోట్ కిరానా తేల్చిన విషయం.

దెబ్బ ఎవరికి తగిలిందో వెంటనే తెలిసింది. పంచాయతీ లెక్కలు రాసే గ్రామసేవకులు సమ్మెకు దిగారు. ప్రభుత్వ ఆడిటర్‌కైతే లెక్క చూపిస్తాం, జనానికి చూపించం అన్నారు. దోచుకున్న ఆరోపణ ఉన్నవాళ్ళు తమ హక్కుల కోసం సమ్మె చేయడం మన దేశంలో కొత్తేమీ కాదు గానీ, ఇంత నిజాయితీగా కారణం చెప్పిన సమ్మె మాత్రం అరుదు.

1995 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి భైరాన్ సింగ్ షెకావత్ అసెంబ్లీలో మాటిచ్చారు: పంచాయతీ పనుల కాగితాల నకళ్ళు జనానికి ఇస్తాం. ఏడాది గడిచినా ఉత్తర్వు రాలేదు. 1996 ఏప్రిల్ 6న బ్యావర్ పట్టణంలో చాంగ్ గేట్ దగ్గర ధర్నా మొదలైంది. లోక్‌సభ ఎన్నికల రోజులు. ధర్నా మొదలైన రోజే ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది: కాగితాలు చూసుకోవచ్చు, నకలు మాత్రం ఇవ్వం. చదువు రానివాళ్ళకు చూసుకునే హక్కు! నకలు లేకుండా పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు నిలవదని కూలీలకు బాగా తెలుసు. టెంటు తీయలేదు. చుట్టుపక్కల పల్లెలు గోధుమలు పంపాయి, బ్యావర్ వర్తకులూ కార్మిక సంఘాలూ చేయి కలిపారు. 40 రోజులు సాగింది. మా డబ్బు, మా లెక్క అన్నది వాళ్ళ నినాదం.

ఆ సంఘంలో సుశీల అనే మహిళ ఉండేది, చదువు నాలుగో తరగతి దాకా. ఆ చదువుతో ఈ సమాచారం నీకెందుకమ్మా అని ఒక విలేకరుల సమావేశంలో అడిగారు. కొడుకుని పది రూపాయలిచ్చి బజారుకు పంపితే రాగానే లెక్క అడుగుతాను, నా పేరు మీద ప్రభుత్వం కోట్లు ఖర్చు పెడుతుంటే అడగొద్దా అని ఆమె సమాధానం. సమాచార హక్కు మీద వచ్చిన పుస్తకాలూ ప్రసంగాలూ చాలా చూశాను. ఆ పది రూపాయల మాటకు అదనంగా వాటిలో ఉన్నది తక్కువ.

1997లో పోరాటం జైపూర్‌కు మారింది. ఈసారి 53 రోజుల ధర్నా. ముగింపులో ఉప ముఖ్యమంత్రి ఒక ప్రకటన చేశారు. మీరడిగిన నకళ్ళ హక్కు 1996 డిసెంబర్‌లోనే, అంటే ఆరు నెలల కిందటే, గెజిట్‌లో అచ్చయిపోయిందట! సమాచార హక్కు ఇచ్చామన్న సమాచారాన్నే దాచిన ప్రభుత్వం అది. కల్పించి రాస్తే ఎవరూ నమ్మరు.

ఆ తరవాతది వేగంగా చెప్పుకోవచ్చు. 2000లో రాజస్థాన్ సొంత సమాచార చట్టం చేసింది. అప్పటికే తమిళనాడు, గోవా చేసి ఉన్నాయి. 2002లో కేంద్రం ఒక చట్టం చేసి అమలు చేయకుండా వదిలేసింది. 2005 అక్టోబర్ 12న ఇప్పుడున్న సమాచార హక్కు చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది. అదే ఏడాది గ్రామీణ ఉపాధి హామీ చట్టం కూడా వచ్చింది. మన కథకు కావలసింది దాని 17వ సెక్షన్: పథకం కింద జరిగే పనులన్నిటికీ గ్రామసభ సామాజిక తనిఖీ జరపాలని అది చెప్పింది. కోట్ కిరానాలో టెంటు కింద జరిగింది పదకొండేళ్ళకు చట్టం మాటైంది.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. ఢిల్లీ నుంచి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చారు. జనం పథకం పేరును పెద్దగా పట్టించుకోలేదు. ఎప్పటిలాగే కరువు పని అన్నారు. అంతకు కొన్నేళ్ళ ముందు పనికి ఆహారం పథకంలో బియ్యం దారి మళ్ళాయన్న ఆరోపణలు రాష్ట్రమంతా మోగి ఉన్నాయి. ఈసారి అలా కాకూడదని గ్రామీణాభివృద్ధి శాఖ ఒక వింత పని చేసింది. ప్రభుత్వాలను పోరుపెట్టిన రాజస్థాన్ సంఘాన్నే పిలిచి, మా లెక్కలు ఎలా తీయాలో మావాళ్ళకు నేర్పండి అంది. అప్పుడు ఆ శాఖ ముఖ్య కార్యదర్శి కొప్పుల రాజు. సంఘంలో పనిచేసిన సౌమ్య కిడాంబి ఇక్కడికి వచ్చి ఈ పనిని ఏళ్ళ తరబడి నడిపించారు. 2009లో దీనికోసం ప్రభుత్వం ఒక విడి సొసైటీనే ఏర్పాటు చేసింది. తనిఖీ చేసేవాళ్ళ జీతం తనిఖీకి గురయ్యే ఆఫీసు చేతిలో ఉండకూడదన్న ఆలోచనతో.

తనిఖీ ఎలా జరిగేదో చూడాలి, ఎందుకంటే అసలు విశేషం అందులోనే ఉంది. బృందం ముందు మండల ఆఫీసు నుంచి మస్టర్లు, పని కొలతలు రాసే ఎం-బుక్కులు, చెల్లింపుల పట్టికలు తీసుకుంటుంది. గ్రామ సామాజిక తనిఖీదారులు కూలీల ఇళ్ళ పిల్లలే, కాస్త చదువుకున్నవాళ్ళు. ఎవరూ సొంత ఊళ్ళో తనిఖీ చేయకూడదు. బళ్ళోనో, కూలీల ఇళ్ళలోనో పడుకోవాలి. సర్పంచు ఇంట్లో, ఫీల్డ్ అసిస్టెంట్ ఇంట్లో భోజనం చేయకూడదు. కోడికూర పెట్టిన ఇంటి మస్టరు చదివేటప్పుడు గొంతు తగ్గుతుందని నియమం పెట్టినవాళ్ళకు తెలిసే ఉండాలి.

పగలు కూలీలు పనికి వెళ్తారు కాబట్టి పొద్దున్నే, మళ్ళీ దీపాలు పెట్టాక ఇంటింటికీ తిరిగేవాళ్ళు. జాబ్ కార్డు చూపించమ్మా, ఇందులో ఎక్కించారా లేదా, పోస్టాఫీసు పాస్‌బుక్ నీ దగ్గరుందా, పోస్టుమాస్టరు దగ్గరుందా. మధ్యలో టేపు పట్టుకుని పని జరిగిన చోటికి వెళ్ళి కందకం పొడవు, లోతు, చెరువు కట్ట ఎత్తు కొలిచి ఎం-బుక్కుతో పోల్చేవాళ్ళు. తేడా వస్తే వాంగ్మూలం రాసి చదివి వినిపించి వేలిముద్ర వేయించుకునేవాళ్ళు. ఊళ్ళో సభ పెట్టి అంతా చదివాక, మండలంలోని ఊళ్ళన్నీ పూర్తయ్యాక, మండల కేంద్రంలో ప్రజావేదిక. ఎంపీడీఓ, జిల్లా నుంచి వచ్చిన అధికారి, ఫీల్డ్ అసిస్టెంట్లు, మేట్లు, టెక్నికల్ అసిస్టెంట్లు, పోస్టాఫీసు వాళ్ళు, విలేకరులు, కూలీలు. పంచాయతీల వారీగా ఒక్కొక్క అంశమూ చదువుతారు. ఎవరి మీద ఆరోపణ ఉంటే వాళ్ళు లేచి జవాబు చెప్పాలి. వినే అధికారి అక్కడికక్కడే రికవరీయా, సస్పెన్షనా, ఇంకో విచారణా తేల్చాలి. చాలాచోట్ల పొద్దున మొదలైన వేదిక చీకటి పడ్డాక గానీ లేచేది కాదు.

ప్రజావేదికలో అన్నిటికన్నా కష్టమైన ఘడియ సాక్షి లేచి నిలబడేది. వాంగ్మూలం ఇచ్చింది తనిఖీ పిల్లలకు, తన గడపలో, రాత్రి. ఇప్పుడు అదే మాట ఎంపీడీఓ ముందు, ఫీల్డ్ అసిస్టెంట్ కళ్ళలో కళ్ళు పెట్టి చెప్పాలి. ఆ ఫీల్డ్ అసిస్టెంట్ రేపు పని ఇవ్వాల్సినవాడు, చాలాసార్లు బంధువు, ఎప్పుడూ పొరుగువాడు. కొందరు మాట మార్చేసేవాళ్ళు. నాకు గుర్తులేదు సార్, వేలిముద్ర ఎవరో వేయించుకున్నారు. వాళ్ళను పిరికివాళ్ళనడం బయటివాళ్ళకు సులువు. తనిఖీ బృందం మూడో రోజు ఊరు వదిలి పోతుంది. సాక్షి ఆ ఊళ్ళోనే ఉండాలి. రాజస్థాన్‌లో సాక్షి వెనక ఒక సంఘం ఉంది, ధర్నాలో కలిసి తిన్న మనుషులున్నారు. ఇక్కడ వెనక ఉన్నది ఒక ప్రభుత్వ సొసైటీ. అక్కడ జనం అధికారిని పిలిచారు, ఇక్కడ అధికారి జనాన్ని పిలిచాడు. ఈ తేడా చిన్నది కాదు. ఇది మన తనిఖీకి పుట్టుకతో వచ్చిన బలహీనత.

అయినా చరిత్రకు తన చమత్కారం ఉంది. 2009లో రాజస్థాన్ ప్రభుత్వం భీల్వాడా జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ చేయించింది. దాన్ని మిగతా జిల్లాలకు విస్తరించబోతే సర్పంచులు రోడ్డెక్కారు, గ్రామసభలో బయటివాళ్ళకేం పని అంటూ కోర్టుకూ ఎక్కారు. తనిఖీ ఆగిపోయింది. పుట్టింట్లో నిలవని పద్ధతి మెట్టినింట నిలిచింది. తొలి ఏళ్ళలో ఏ రాష్ట్రంలోనూ లేనంత క్రమంగా తెలుగు నేల మీద సామాజిక తనిఖీలు జరిగాయి. 2011లో కేంద్రం దేశమంతటికీ తనిఖీ నిబంధనలు తెచ్చినప్పుడు, విడి సొసైటీ అన్న మన నమూనా వాటి వెనక ఉంది. రాష్ట్రం విడిపోయాక రెండు చోట్లా విడివిడిగా ఆ పని సాగింది.

ఫలితం మాటేమిటి? ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఐవర్సెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికలనే కూర్చి లెక్కగట్టారు. కూలీల చెల్లింపుల్లో ఒక్కో అక్రమంలో మాయమయ్యే మొత్తం కొంత తగ్గింది. దానికి బదులు సామగ్రి ఖర్చుల్లో అక్రమాలు పెరిగాయి. ఇది చదివి తనిఖీ దండగ అన్నవాళ్ళున్నారు. నాకు అందులో కనిపించేది వేరు. కూలి లెక్క ఊరి కంటికి ఆనుతుంది: ఎవరు పనికొచ్చారో అందరికీ తెలుసు. సిమెంటు బస్తా ధర, కంకర లోడు బిల్లు ఊరి కంటికి ఆనదు. జనం చూపు పడిన గదిలోంచి దొంగ పక్క గదిలోకి వెళ్ళాడంటే ఆ చూపుకు బలం ఉన్నట్టే. రెండో గదిలోకి జనాన్ని ఎలా తీసుకెళ్ళాలన్న పని మాత్రం ఎవరూ శ్రద్ధగా చేయలేదు.

అంతకన్నా పెద్ద లోపం శిక్షలది. తేల్చిన సొమ్ములో ఎక్కువ భాగం వెనక్కి రాలేదు. ఉద్యోగం పోయినవాళ్ళలో ఎక్కువమంది ఫీల్డ్ అసిస్టెంట్లు, అంటే కాంట్రాక్టు మీద నెల జీతానికి పనిచేసే చిన్నవాళ్ళు. పై సంతకాలు పెట్టినవాళ్ళ ఫైళ్ళు పైకి వెళ్ళి పైనే ఉండిపోయాయి. సామాజిక తనిఖీ కోసం రాష్ట్రం 2012లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేసినా ఈ తీరు మారలేదు. గ్రామసభకు చదివే హక్కు వచ్చింది, ప్రశ్నించే హక్కు వచ్చింది. తీర్పు మాత్రం వేదిక మీద కూర్చున్న అధికారి దగ్గరే ఉండిపోయింది. 243ఎ అధికరణం 1993లో వదిలేసిన ఖాళీని రాజస్థాన్ కూలీలు సగం పూడ్చారు. మిగతా సగం ఇంకా శాసనసభల చేతిలోనే ఉంది.

ఇదంతా జనం అడిగి, కొట్లాడి, లెక్క తీయించిన దారి. దీనికి పూర్తిగా తిరగేసిన దారి ఇంకొకటుంది: ముందు డబ్బు ఊరి చేతికిచ్చి, ఏం చేయాలో మీరే తేల్చుకోండి అనడం. బ్యావర్ ధర్నా ముగిసిన మూడు నెలలకే, 1996 ఆగస్టు 17న, కేరళ ఆ పని మొదలుపెట్టింది. రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు అప్పగించింది. వచ్చే వారం ఆ ప్రజా ప్రణాళిక కథ.